రాగిరేకుల ఊరి నుంచి ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా జనం నోట నిలిచే గాయకులు, సంగీత దర్శకులు ఎవరన్న చర్చను మీ పుటల్లో చదువుతున్నాం. ఒకరు ఘంటసాల అంటారు, ఒకరు బాలు అంటారు, ఇంకొకరు ఇళయరాజాను మించినవాడు పుట్టలేదంటారు. రాసినవాళ్లందరూ ఎవరు గొప్ప అన్నదానికి జవాబు చెప్పారు. ఎవరు మిగులుతారన్నది వేరే లెక్క. ఆ లెక్క ఎలా తేలుతుందో చూడ్డానికి తిరుపతి వాళ్లం ఎక్కడికో పోనక్కర్లేదు. అయిదు వందల ఏళ్ల పరీక్ష ఒకటి కొండమీద జరిగే ఉంది.

తాళ్లపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. పాటలను రాగిరేకుల మీద చెక్కించి గుడిలోనే సంకీర్తన భండారమనే చిన్న గదిలో భద్రపరిచారు. ఆ పని నడిపించినవాడు కొడుకు పెదతిరుమలాచార్యులు. అన్నమయ్య రాసినవి 32 వేలని చెబుతారు. ఇప్పుడు దొరుకుతున్నవి 14 వేల దాకా. రాగి మీద చెక్కించినా, దేవుడి గదిలో పెట్టినా సగానికి పైగా మనకు అందలేదని ముందు ఒప్పుకోవాలి. ఇక అందిన రేకు మీద ఏముందో చూడండి. సాహిత్యం ఉంది. పాటకు ముందు రాగం పేరు ఉంది. మొదటి రేకులో కవి పేరు, పదహారో ఏట శక 1346లో మొదలుపెట్టి శక 1424 (అంటే 1503) దాకా చెప్పిన పాటలివన్న వివరం ఉన్నాయి. లేనివి రెండు: స్వరం, తాళం.

1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ తన తెలుగు వ్యాకరణంలో ఈ రేకుల ఊసెత్తాడు. తిరుపతిలో రాగి మీద చెక్కిన తెలుగు వ్యాకరణం ఉందని విని నకలు తెప్పించుకున్నాడు. తీరా చూస్తే అన్నీ దేవుడి పాటలే. ఆయనకు కావలసింది వ్యాకరణం గనక అక్కడితో వదిలేశాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా వాటి జోలికి పోయినవాళ్లు లేరు. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్లు ఒక్కో రేకూ చదివి, ఎత్తి రాసి, అచ్చు వేయించారు. తాటాకైతే అన్నాళ్లు ఆగేది కాదు. పురుగు తినకుండా, చివికిపోకుండా ఉండాలంటే దాన్ని కొన్ని తరాలకోసారి కొత్త ఆకు మీదికి ఎత్తిరాయాలి. నడుమ ఒక తరం బద్ధకిస్తే పాట పోతుంది. రాగికి ఆ బెడద లేదు. చిలుము పట్టినా గాడి మిగులుతుంది. రాగికి భయం తుప్పు వల్ల కాదు, తూకం వల్ల. కరిగిస్తే డబ్బులొస్తాయి.

ఇంతకీ మిగిలింది ఎవరు? అన్నమయ్య మాట మిగిలింది. ఆయన పాడిన వరస మిగల్లేదు. ‘నానాటి బతుకు’ రేకు మీద ముఖారి అని ఉంటే మనం పాడుకుంటున్నది నేదునూరి కృష్ణమూర్తి రేవతిలో కట్టిన వరస. ‘వినరో భాగ్యము’ అనగానే నోటికొచ్చేది 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ కట్టింది. ఆయన ఒక్కడే ఆరు వందలకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టాడు. కొండమలహరి, అమరసింధు వంటి రాగాల పేర్లు రేకుల మీద ఉన్నాయి గానీ అప్పుడు అవి ఎలా పాడారో చూపేవాళ్లు లేరు. పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై కొండరాతి మీద దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి ఉంది. అక్కడ వెయ్యేళ్ల కిందటే స్వరాలు వరసగా చెక్కారు, పాట మాటలు లేవు. ఒకచోట మాటకు స్వరం లేదు, ఇంకోచోట స్వరానికి మాట లేదు. రెండూ కలిపి రాసిపెట్టాలని ఎవరికీ తోచక కాదు. ఎదురుగా పాడేవాడు ఉన్నంతకాలం ఆ అవసరం ఎవరికీ కనబడదు. సినిమా పాటల విషయంలో మనం ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నాం.

ఇంకా పాతదీ, ఇంకా గట్టిగా నిలిచిందీ కొండమీదే ఉంది. ధనుర్మాసం నెల్లాళ్లూ తిరుమలలో సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు. వెయ్యేళ్ల పైబడిన గోదాదేవి పాటలు ముప్పై. అవి నిలవడానికి పెట్టిన కట్టుబాటు చూస్తే ఈ కాలపు కంప్యూటర్ వాళ్లు కూడా ముచ్చటపడాలి. మొదట, పాటకు ఒక పని ఉంది: ఏటా అదే నెలలో, రోజుకొక పాశురం చొప్పున పాడి తీరాలి. రెండు, చివరి పాశురంలో ఆమె పేరు, తండ్రి పేరు పాటలోనే కూర్చి ఉన్నాయి, పీకేస్తే ఛందస్సు చెడుతుంది. మూడు, అదే పాశురం ఈ మాల ముప్పై పాటలదని, తప్పకుండా చెప్పాలని లెక్క చెబుతుంది. ఎవరైనా ఒకటి మరిచి ఇరవైతొమ్మిది పాడితే పాటే పట్టించేస్తుంది. ఈ మూడూ కుదిరిన పాట రాతిమీద లేకపోయినా నిలిచింది.

ఇందులో పేరు సంగతే సినిమా పాటకు పెద్ద లోటు. మన వాగ్గేయకారులు చరణం చివర ముద్ర వేసింది అహంకారం కొద్దీ అనుకునేవాళ్లుంటారు. అది పాటకు కట్టిన తాడు. త్యాగరాజు ముద్ర ఆయన పేరే. ముత్తుస్వామి దీక్షితులది గురుగుహ. క్షేత్రయ్యకు మువ్వగోపాల అన్న ముద్ర ఎంత గట్టిగా అంటుకుందంటే మనిషి గురించి తెలియనివాళ్లకు కూడా అది తెలుసు. అన్నమయ్య ముద్ర మాత్రం వేంకటేశ్వరుడి పేరు. మొదటి రేకు మీద కవి పేరు లేకుంటే ఆ పాటలు ‘ఎవరో పాడిన వెంకన్న పాటలు’ అయిపోయేవి. త్యాగరాజు పాటలు ఏడు వందల దాకా దక్కడానికి ముద్రతో పాటు ఇంకో కారణం శిష్యులు. ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట అని మూడు శిష్యశాఖలు వేర్వేరుగా నేర్చుకుని వేర్వేరుగా దాచాయి. ఒకచోట పోయింది ఇంకోచోట దొరికింది. వాలాజాపేట చిత్తూరు నుంచి రాణిపేట దాటగానే వస్తుంది. అక్కడ వెంకటరమణ భాగవతార్ కుటుంబం రాసిన ప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరాయి. దీక్షితుల పాటలకు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చు వేయించాడు. తెలుగు లిపిలో, గమకాలకు, అంటే స్వరాల ఊపులకు, విడిగా గుర్తులు పెట్టి మరీ. ఆ పుస్తకం ఎదురుగా పెట్టుకుంటే ఇవాళ కూడా పాడవచ్చు.

సినిమా పాటకు ముద్ర లేదు. పేరు ఉండేది పాట బయట: ప్లేటు లేబులు మీద, క్యాసెట్టు అట్ట మీద, ఫోను తెర మీద. పాట ఒకచోటికి, అట్ట ఒకచోటికి పోయాయంటే పేరు పోయినట్టే. ఇది మొదటి నుంచీ ఉన్న తంటానే. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ తీసిన తొలి రికార్డుల్లో గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెబుతుంది. ప్లేట్లు జర్మనీలో హానోవర్‌లో ముద్రించేవారు. అక్కడివాళ్లకు ఏ లేబులు దేనికి అంటించాలో తెలియాలి కదా. అవసరం కొద్దీ చేసిన ఆ ఏర్పాటే నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆమె ఎవరో చెబుతోంది. అటు 1949లో లతా మంగేష్కర్‌ను దేశమంతటికీ తెలియజేసిన ‘మహల్’ సినిమా పాట 78 ప్లేటు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డు) మీద గాయని పేరుగా మొదట పడింది ‘కామిని’. అది కథలో పాత్ర పేరు.

మన ఊరి ఉదాహరణ ఇంకా దగ్గరిది. ‘మా తెలుగుతల్లికి మల్లెపూదండ’ పాడని బడి లేదు. రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుచానూరులో పుట్టినవాడు, 1977లో తిరుపతిలో పోయాడు. గొంతు టంగుటూరి సూర్యకుమారిది. ‘దీనబంధు’ అనే సినిమా కోసం రాసిన పాట అది. సినిమా పేరు ఇప్పుడెంతమందికి తెలుసు? పాటకు బడిలో, సభలో ఒక పని దొరికింది, బతికిపోయింది. పేరు మాత్రం వెనకబడింది. ప్రార్థన సమయంలో నిలబడి పాడే పిల్లలను రాసినదెవరని అడిగి చూడండి. పక్క వీధి మనిషి అని చెప్పేవాళ్లు తిరుపతిలోనే తక్కువ. పని ఉండి పేరు లేకపోతే ఏమవుతుందో దానికి కొసమెరుపు పుట్టినరోజు పాట. కేకు కోసే ప్రతి ఇంట్లో పాడుతున్న ఆ వరస 1893లో అమెరికాలో హిల్ అనే అక్కచెల్లెళ్లు బడిపిల్లల పొద్దుటి పలకరింపు కోసం అచ్చువేసింది. ప్రపంచంలో అంతమంది పాడే వరస ఇంకోటి ఉందో లేదో, అయినా ఆ ఇద్దరి పేర్లూ ఎవరికి తెలుసు?

అన్నీ కుదిరిన పాట కూడా మన పాత చిత్తూరు జిల్లాలో ఒకటుంది. ‘జనగణమన’ను రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ కాలేజీలో ఉండగా ఇంగ్లీషులోకి మార్చాడు. అక్కడే మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసిపెట్టింది. మాట, స్వరం, కవి పేరు కాగితం మీద ఒకచోట చేరాయి. 1950లో దేశం ఆ పాటకు పనీ ఇచ్చింది. అయితే ఇలాంటి పాటకు ఒక షరతు ఉంటుంది: రాజ్యం ఉన్నన్నాళ్లే దానికి పని. పెళ్లికి, చావుకు, లాలికి, తెల్లవారుజాముకు ఆ షరతు లేదు.

ఈ కొలతలతో మీ పాఠకులు చెప్పిన పేర్లు చూద్దాం. ఘంటసాల మిగిలితే యుగళగీతాల వల్ల మిగలడని మా అభిప్రాయం. చివరి రోజుల్లో రికార్డు చేసిన భగవద్గీత వల్ల మిగులుతాడు. తెలుగు ఊళ్లలో మనిషి పోయిన ఇంట్లో ఆ గొంతు వినబడితే చాలు, కబురు చెప్పనక్కర్లేదు. ఒక జాతి చావు వేళకు ఒక గొంతును కట్టేసుకోవడం మామూలు విషయం కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి విగ్రహం తిరుపతి పూర్ణకుంభం కూడలిలో ఉండటం కంటే 1963 నాటి ఆమె సుప్రభాతం తెల్లవారుజామున కాఫీ కొట్టుల్లో మోగడం గట్టి పునాది. ఇక్కడ చిత్రమేమంటే ఆ సుప్రభాతం రాసిన పదిహేనో శతాబ్దపు ప్రతివాది భయంకర అణ్ణన్ పేరు భక్తుల్లో నూటికి ఒకరికైనా తెలియదు. మొదటి శ్లోకమైతే ఆయనది కూడా కాదు, వాల్మీకి బాలకాండలోది.

శ్రీకాళహస్తిలో బడి, తిరుపతిలో పీయూసీ చదివిన బాలు సంగతి చెప్పాలంటే మనసు ఒప్పదు గానీ చెప్పాలి. ఆయన గొప్పతనమంతా గొంతులో ఉంది: ఊపిరి ఎక్కడ పట్టాడు, నవ్వు ఎక్కడ కలిపాడు, ఏ నటుడికి ఎలా గొంతు మార్చాడు అన్నది. అది స్వరం రాస్తే దొరకదు, ఇంకొకరు పాడితే రాదు. యంత్రం మోగినంతకాలమే గాయకుడు. తాన్‌సేన్ పేరు నాలుగు వందల ఏళ్లుగా ఉంది, గొంతు ఎలా ఉండేదో ఒక్కరికీ తెలియదు. గాయకులకు భద్రత అంతా నకలు తీసేవాడి చేతిలోనే ఉంది. పి. సుశీలకు ఈ విషయంలో ఒక మేలు జరిగింది. 2016లో గిన్నిస్ వాళ్లు 17,695 పాటలు గుర్తించారంటే, ఒక్కొక్కటీ ఎక్కడిదో చూపే జాబితా ఒకటి తయారైందన్నమాట. అంకె కంటే ఆ జాబితా విలువైంది.

ఇళయరాజాది వేరే దారి. ఆయన ప్రతి వాద్యానికీ పాశ్చాత్య పద్ధతిలో స్వరం కాగితం మీద రాసి ఇస్తాడు. ఆ కాగితాలు నిలిస్తే రెండు వందల ఏళ్ల తర్వాత ఎవరో కూర్చుని మళ్లీ వాయించవచ్చు, ఇప్పుడు బీతోవెన్‌ను వాయిస్తున్నట్టు. నిలవకపోతే మిగిలేది పల్లవి. చిత్తూరు పేరు ఇంటిపేరు చేసుకున్న నాగయ్య పాడుతూ, నటిస్తూ, వరసలు కడుతూ మూడు పనులూ చేశాడు. ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) ఉన్నంతకాలం ఉంటాడు. కానీ సినిమా రీలును ఎవరూ నమ్మకూడదు. 1950ల ముందటిది నైట్రేటు రీలు, దానంతటదే అంటుకునే సరుకు. 2003 జనవరిలో పుణేలో అలాంటి రీళ్లు ఎన్నో కాలిపోయాయి. తర్వాత వచ్చిన అసిటేటు రీలు పులిసి వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) చూద్దామంటే ప్రతి లేదు.

ఆస్కార్ వచ్చిన పాట నిలుస్తుందా అని ఒకరు అడిగారు. కీరవాణి, చంద్రబోస్ పేర్లు నిలుస్తాయి, ఆ పట్టీ ఎవరూ పారేయరు గనక. పాట సంగతికి వస్తే, ఆ బహుమతి మొట్టమొదట, 1934కు గాను, ‘ది కాంటినెంటల్’ అనే పాటకు ఇచ్చారు. ఎవరైనా ఒక్క వరస అనగలరా?

పేరే లేకుండా నిలిచేవీ ఉంటాయి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాల వెంట మోగే పంబ దరువు ఎవరు కట్టారని అడిగేవాడు లేడు. అది పోదు కూడా.

ఇప్పుడు చేతిపని సంగతి. ఈ జిల్లాల్లో అటకలమీద ఉన్న ప్లేట్లు, రీళ్లు, క్యాసెట్లు మరో ఇరవై ఏళ్లకు మోగవు. ఏది ఎందుకు చెడుతుందో తెలిస్తే సగం కాపాడినట్టే.

78 ప్లేటు అంటే లక్కలో రాతిపొడి కలిపి ముద్రించిన బిళ్ల. పది అంగుళాల ప్లేటులో పక్కకు మూడు నిమిషాల చిల్లర పాట. కింద పడితే పగులుతుంది, వేడికి వంగుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లాగ నిలబెట్టాలి. మన ఎండలకు రేకుల కప్పు కింద అటక అన్నిటికన్నా చెడ్డ చోటు. శుభ్రం చేయడానికి స్పిరిటు మాత్రం ముట్టొద్దు. లక్క అందులో కరుగుతుంది, గాడి చెరిగిపోతుంది. లాంగ్‌ప్లేకు (తర్వాత వచ్చిన వినైల్ రికార్డుకు) పనికొచ్చింది కదా అని దీనికీ వాడి ప్లేట్లు పాడుచేసుకున్నవాళ్లు చాలామంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు అర లీటరులో గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు వేసి, మెత్తని బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటరుతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. నడుమ కాగితం లేబులు తడవకూడదు. పాటంత విలువ దానికీ ఉంది.

ముల్లు దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. ఇప్పుడు దొరికే టర్న్‌టేబుల్ ముల్లు మొన లాంగ్‌ప్లే గాడికి సరిపడా 18 నుంచి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 78 గాడికి 75 దాకా ఉండాలి. సన్న ముల్లు గాడి అడుగుకు దిగిపోయి దుమ్మును దున్నుతుంది. బరబర వినబడుతుంది, గొంతు వెనక్కి పోతుంది. ప్లేటు అరిగిందని తీసి పడేస్తారు. అరిగింది ప్లేటు కాకపోవచ్చు, పెట్టిన ముల్లు తప్పు. అలాగని పాత చేతిగ్రామఫోను మీద ఉక్కుముల్లుతో వేసి నకలు తీయొద్దు. ఆ ముల్లును ఒక్కో పక్కకు ఒకటి చొప్పున మార్చాలన్నది ఆనాటి నియమమే. టర్న్‌టేబుల్‌కు 78 వేగం లేకపోతే 45 మీద ఎక్కించుకుని కంప్యూటర్లో 1.733 రెట్లు వేగం పెంచవచ్చు. పాతకాలపు ప్లేట్లన్నీ కచ్చితంగా 78 మీదే కోసినవి కావు, శ్రుతి కొంచెం ఎక్కువో తక్కువో వినబడుతుంది. సరిదిద్దిన నకలు వేరే పెట్టుకోండి, మొదటి నకలు మాత్రం ముట్టొద్దు. ఏ వేగంలో తీశారో పక్కనే రాయండి.

క్యాసెట్టు విషయానికి వస్తే, ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు మోగించాలి. ఏళ్లతరబడి బిగుసుకున్న టేపు పొరలు విడతాయి. కీచుమని ఆగిపోతే చాలావరకు టేపులో లోపం ఉండదు. లోపల టేపును, దాన్ని చదివే హెడ్డుకు అదిమే చిన్న స్పాంజి దిమ్మ ఊడి ఉంటుంది, లేదా డబ్బా వంగి ఉంటుంది. మరలున్న కొత్త డబ్బా ఒకటి విప్పి, రెండు చక్రాలనూ టేపుతో సహా అందులోకి మార్చితే మోగుతుంది. గొంతు మూటలోంచి వచ్చినట్టు వినబడితే హెడ్డు కోణం తేడా. రికార్డు చేసిన మిషనూ, మోగించే మిషనూ ఒకటి కానప్పుడు ఇలా అవుతుంది. హెడ్డు పక్కనున్న చిన్న మరను మోగుతుండగానే రవ్వంత తిప్పుతూ, ‘స’, ‘ష’ అక్షరాలు ఎక్కడ స్పష్టంగా పలికితే అక్కడ ఆపాలి. సీ-120 (రెండు గంటల) టేపు మరీ పలచన, సాగుతుంది, చుట్టుకుపోతుంది. దాన్ని ఒక్కసారే మోగించి అప్పుడే ఎక్కించేసుకోవాలి.

1970, 80ల నాటి కొన్ని పెద్ద టేపు రీళ్లకు తేమవల్ల జిగట పుడుతుంది. టేపు మీది పొడి రాలి హెడ్డుకు అంటుకుంటూ రీలు ఆగిపోతుంది. వాటిని 50 నుంచి 54 డిగ్రీల వేడిలో ఎనిమిది గంటల పైచిలుకు ఉంచితే కొన్ని వారాలపాటు మోగుతాయి, ఆలోగా నకలు తీసుకోవాలి. ఇది వంటింటి ఓవెన్‌లో చేసే పని కాదు. వేడి నిలకడగా ఉండదు. ఇంకా పాత అసిటేటు టేపులకైతే అసలే చేయకూడదు. వెలుతురుకు పట్టుకుని చూస్తే చుట్ట లోంచి వెలుగు కనిపించేది అసిటేటు.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. గంటకు రెండు జీబీ పడుతుంది. చోటు దండగని ఎంపీత్రీ చేస్తే తీసేసిన ధ్వని మళ్లీ రాదు. పంచడానికి ఎంపీత్రీ, దాచడానికి వేవ్. మూడు నకళ్లు ఉండాలి, రెండు రకాల సరంజామా మీద, ఒకటి వేరే ఊళ్లో. తిరుపతిలో ఉన్నవాళ్లు ఒక ప్రతి చిత్తూరులోనో మదనపల్లెలోనో పెట్టుకోవాలి. 2021 నవంబరు వరదలో కింది అంతస్తు ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి ఎవరూ మరిచిపోయి ఉండరు. ఇంట్లో కాల్చిన సీడీని నమ్మొద్దు, అందులోని రంగు వెలిసిపోతుంది. పెన్‌డ్రైవ్ దాచుకోవడానికి చేసింది కాదు. హార్డ్‌డిస్కును ఏడాదికోసారైనా తెరిచి చూసి, నాలుగైదేళ్లకు కొత్తదానికి మార్చాలి. తాటాకు ఎత్తిరాసే పని మళ్లీ మన మెడకే చుట్టుకుందన్నమాట, ఈసారి తరానికోసారి కాదు, అయిదేళ్లకోసారి.

పేర్ల దగ్గర తెలుగువాళ్లకే ఉన్న తలనొప్పి ఒకటుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్లతరబడి ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లలో కొట్టిన పాటల పట్టీలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతల్లా తెరుచుకుంటాయి. రాగిరేకు చదవడానికి కళ్లుంటే చాలు, 1998 నాటి తెలుగు పట్టీ చదవడానికి ఆనాటి సాఫ్ట్‌వేర్ కావాలి. ఉన్నవాటిని యూనికోడ్‌కు (ఏ కంప్యూటరైనా చదివే అక్షరాల పద్ధతికి) మార్చి, ఒక ప్రతి లేజర్ ప్రింటు తీసి పెట్టండి. ఇంక్‌జెట్ అయితే తడికి కారిపోతుంది. పాట మొదట్లోనో చివరనో మాటగా కూడా చెప్పించండి: పాట, కవి, వరస కట్టినవారు, పాడినవారు, వాయించినవారు, ఏడు, ఊరు. గౌహర్ జాన్ చేసింది అదే. కొత్తగా పాటలు కడుతున్న కుర్రవాళ్లకు ఇది ఇంకా అవసరం. వాళ్ల పాట ఉండేది యాప్‌లో. ఒప్పందం తీరితే పాట మాయమవుతుంది, ఎవరి చేతిలోనూ ప్లేటు మిగలదు.

స్వరం రాయడం సంగీతం తెలిసినవాళ్లు చేయవలసిన పని. శ్రుతి, తాళం, ఎత్తుగడ, స్థాయి చుక్కలతో పల్లవి, చరణాల స్వరాలు, నడుమ వాద్యం ఏ అక్షరం మీద అందుకుంటుంది – ఇంత ఉంటే యంత్రమేదీ లేకున్నా పాట మళ్లీ లేస్తుంది. సినిమా పాటకు రాగం పేరు రాసి ఊరుకుంటే చాలదు. అన్నమయ్య రేకులకు జరిగిందే దానికీ జరుగుతుంది.

హక్కుల భయంతో నకలు తీయడానికి జంకేవాళ్లకు ఒక మాట. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1965కు ముందు వెలువడిన ప్లేట్ల మీద ఆ హక్కు తీరింది. కవికి, వరస కట్టినవారికి వేరే ఉంటుంది, వాళ్లు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సుందరాచారి మాటల మీద 2037 చివరిదాకా ఉంటుంది. కాబట్టి ఇంట్లో దాచుకోవడం వేరు, అందరికీ పెట్టడం వేరు.

1977లో అమెరికా వాళ్లు వాయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన ప్లేటు కూడా రాగిదే, పైన బంగారు పూత. నిమిషానికి పదహారున్నర చిల్లర చుట్లు తిరగాలని, ముల్లు ఎలా పెట్టాలని మూత మీద బొమ్మలు గీశారు. ముల్లునూ జతచేశారు. అందులో బాఖ్, చక్ బెర్రీలతో పాటు హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. తెలుగులో ఒక పలకరింపు కూడా ఉంది. అంత జాగ్రత్తపడ్డవాళ్లు కూడా పాడినదెవరో ఆ ధ్వనిలో చెప్పించలేదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈ చర్చలో పాట పేరు వచ్చిన ప్రతిచోటా గాయకుడి ఫోటో వేశారు, నాలుగు చోట్ల కథానాయకుడిదే వేశారు. ఇకనుంచి పాట పేరు కింద కవి, సంగీతం, గానం, ఏడు – ఈ నాలుగూ ఒక్క వరసలో వేయండి. పత్రిక కాగితం పచ్చబడినా గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంటుంది. పాఠకులకు చెప్పేదల్లా, పాత సామాన్లవాడికి ప్లేట్లు, క్యాసెట్లు తూకానికి వేసే ముందు ఒక్కో లేబులునూ, అట్టనూ రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి.

ఇట్లు,
పాత రికార్డులు, టేపులు బాగుచేసే కొందరం,
తిరుపతి